చీమకుర్తి రాయి, సింగపూర్ క్లాజు: పద్నాలుగు కంటైనర్ల వివాదం ఎలా తేలింది

ఒంగోలులో ప్రాక్టీసు చేస్తున్నాను. ఎగుమతి కాంట్రాక్టులు, వసూళ్లు, వాటిమీద వచ్చే ఆర్బిట్రేషన్లే నా పనిలో ఎక్కువ భాగం. ఈ కేసు గురించి రాస్తానని నా క్లయింటును అడిగితే, పేరు రాకుండా ఉంటే రాయమన్నాడు. అందుకే కొనుగోలుదారు దేశం చెప్పడం లేదు. అంకెలు, కొన్ని వివరాలు కొద్దిగా మార్చాను. వాదం నడిచిన తీరు మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. నేను చేసిన పెద్ద పొరపాటు ఒకటి ఇందులో ఉంది. కుర్ర లాయర్లు ముఖ్యంగా ఆ భాగం చదవాలని నా కోరిక.

ముందుగా ఒక మాట. ఆర్బిట్రేషన్‌నీ మీడియేషన్‌నీ రెండింటినీ తెలుగులో మధ్యవర్తిత్వం అనేస్తాం. అక్కడే చాలామంది క్లయింట్లు తికమకపడతారు. మీడియేటర్ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒప్పిస్తాడు, తీర్పు చెప్పడు. ఆర్బిట్రేటర్ తీర్పే చెబుతాడు, దాని పేరు అవార్డు. కోర్టు డిక్రీలా దాన్ని అమలు చేయించుకోవచ్చు. అందుకే ఇక్కడ ఆర్బిట్రేషన్ అనే మాటే వాడుతున్నాను.

నేపథ్యం

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు పోతే చీమకుర్తి. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దొరికేది ఇక్కడే. మావాళ్లు ఉత్త గెలాక్సీ అంటారు. కొందరు బ్లాకులుగా అమ్ముతారు, కొందరు కోయించి, పాలిష్ పట్టించి స్లాబులుగా పంపుతారు. నా క్లయింటు రెండో రకం. తండ్రి క్వారీ పనుల్లో మొదలుపెట్టి చిన్న పాలిషింగ్ యూనిట్ పెట్టాడు. కొడుకు దాన్ని ఎగుమతుల దాకా తీసుకొచ్చాడు. లెక్కలు, రిజిస్టర్లు ఆ కొడుకు, అంటే నా క్లయింటు, భార్య చూసేది. ఆమె రాసిన ఒక నోటుబుక్కే ఈ కేసులో కీలకమైంది.

యూరప్‌లోని ఒక కంపెనీ రెండేళ్లుగా వీళ్ల దగ్గర సరుకు కొంటోంది. మొదట్లో ఎల్‌సీ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీద నడిచిన వ్యవహారం, నమ్మకం కుదిరాక, 20 శాతం అడ్వాన్సు, మిగతాది సరుకు ఓడ ఎక్కిన 90 రోజులకు అన్న పద్ధతికి మారింది. ఈ మార్పు ఒక వాట్సాప్ మెసేజ్‌లో జరిగిపోయింది. ఈసీజీసీ పాలసీ, అంటే విదేశీ కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ఎగుమతి బీమా, లేదు. ఉన్నా పెద్దగా ఉపయోగపడేది కాదు, ఎందుకంటే కొనుగోలుదారు నాణ్యత బాగాలేదని తగాదా పెడితే, ఆ తగాదా తేలేదాకా మామూలుగా క్లెయిమ్ ఇవ్వరు.

వివాదం పద్నాలుగు కంటైనర్లది. రెండు సెంటీమీటర్ల మందం స్లాబులైతే కంటైనర్‌కు సుమారు 400 చదరపు మీటర్లు పడతాయి. మొత్తం విలువ రెండు కోట్ల ఇరవై లక్షల దాకా. అడ్వాన్సు పోను రావాల్సింది కోటీ డెబ్భై ఆరు లక్షలు.

సమస్య

గడువు దాటిన మూడో వారంలో కొనుగోలుదారు నుంచి ఫోటోలతో ఈమెయిల్ వచ్చింది. ఐదు కంటైనర్ల సరుకు బాగాలేదన్నాడు. పాలిష్ మీద తెల్లగా మబ్బు కమ్మినట్టుందనీ, రాయికి నల్లరంగు పూశారని అనుమానమనీ, కొన్ని స్లాబుల్లో తెల్ల లైన్లున్నాయనీ రాశాడు. బాకీ ఇవ్వకపోగా, వేసిన రాళ్లు పీకి మళ్లీ వేసినందుకు తొంభై లక్షలు తిరిగి ఇమ్మన్నాడు.

క్లయింటు నా దగ్గరికి వచ్చేసరికి రెండు వైపుల నుంచి ఒత్తిడి ఉంది. ఎగుమతి డబ్బు అప్పటి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం తొమ్మిది నెలల్లో రావాలి. రాకపోతే బ్యాంకు అడుగుతుంది, అప్పటికే అడుగుతోంది. ఆ ఎగుమతి మీద తీసుకున్న ప్యాకింగ్ క్రెడిట్‌కు వడ్డీ పెరుగుతోంది. మనిషి నిద్రపోయి ఎన్నాళ్లయిందో మొహం చూస్తేనే తెలిసింది.

"సార్, ఒంగోలులో చీటింగ్ కేసు పెడదాం. వాడి మనిషి చెన్నైలో ఉంటాడు, పట్టుకొస్తే డబ్బులు అవే వస్తాయి" అన్నాడు.

అతనికి ఆ సలహా ఇచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను వద్దన్నాను. చెన్నైలో ఉన్నది సరుకు చూసి మార్కింగ్ చేసే ఇన్‌స్పెక్టర్. డబ్బుతో అతనికి సంబంధం లేదు. సివిల్ బాకీ వసూలు కోసం క్రిమినల్ కేసు పెట్టడాన్ని సుప్రీంకోర్టు పదేపదే తప్పుపట్టింది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఇన్‌స్పెక్టర్ మనకు సాక్షి. లోడింగ్‌కు ముందు సరుకు చూసి సంతకం పెట్టినవాడు. సాక్షిని ముద్దాయిని చేస్తే మన చేతిలో ఏం మిగులుతుంది?

"పోనీ సివిల్ దావా వేద్దామా?" అని అడిగాడు.

దావా వేస్తే డిక్రీ రావచ్చు. ఆ డిక్రీ పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి? కొనుగోలుదారుకు మన దేశంలో ఆస్తి లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద పరస్పరం డిక్రీలు అమలు చేసుకునే దేశాలు కొన్ని ఉన్నాయి, ఇంగ్లండ్, సింగపూర్, యూఏఈ లాంటివి. యూరప్ ఖండంలోని ఈ దేశం ఆ జాబితాలో లేదు. అక్కడ మళ్లీ మొదటి నుంచి కేసు నడపాలి. అదే ఆర్బిట్రేషన్ అవార్డయితే 1958 న్యూయార్క్ ఒప్పందం కింద 170కి పైగా దేశాల్లో అమలు కోరవచ్చు. అవతలివాడి దేశం కూడా అందులో ఉంది. ఇలాంటి కేసు వస్తే నేను ముందు ఎవరిది న్యాయమని చూడను. అవతలివాడి డబ్బు ఏ దేశంలో ఉంది, ఏ కాగితం ఆ డబ్బు దాకా వెళ్లగలదు అని చూస్తాను.

కాంట్రాక్టు తెమ్మన్నాను. కాంట్రాక్టు లేదు. ప్రొఫార్మా ఇన్వాయిస్ (సరుకు పంపకముందు ఇచ్చే ముందస్తు బిల్లు) కింద, చిన్న అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం ఉంది: వివాదాలు సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ ద్వారా తేల్చుకోవాలి. ఏ సంస్థ నిబంధనలో లేదు, ఎంతమంది ఆర్బిట్రేటర్లో లేదు, ఏ దేశ చట్టమో కూడా లేదు. ఆ వాక్యం అక్కడికి ఎలా వచ్చిందని అడిగితే, వేరే ఎగుమతిదారు ఫార్మాట్ కాపీ చేసుకున్నామన్నాడు.

ఆ ఒక్క వాక్యమే చాలా కాపాడింది. సింగపూర్ చట్టం ప్రకారం సంస్థ పేరు లేకపోయినా, ఆర్బిట్రేటర్ మీద ఇద్దరికీ కుదరకపోతే ఎస్‌ఐఏసీ (సింగపూర్ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రం) కోర్టు ప్రెసిడెంట్ నియమిస్తారు. అంటే దారి ఉంది. అక్కడికి పోవడమే మిగిలింది. నేను మాత్రం ముందు వేరే దారిలో పోయాను.

నా పొరపాటు

కొనుగోలుదారు చీమకుర్తిలోనే ఇంకో ఎగుమతిదారుకు అడ్వాన్సు పంపాడని క్లయింటు చెప్పాడు. ఆ డబ్బు ఇంకా సరుకుగా మారలేదట. నాకు ఆశ పుట్టింది. 2012లో సుప్రీంకోర్టు బాల్కో తీర్పు తర్వాత, సీటు, అంటే ఆర్బిట్రేషన్‌కు చట్టపరంగా స్థానమైన చోటు, విదేశంలో ఉంటే మన కోర్టులు మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వడానికి వీలులేకుండా పోయింది. 2015 సవరణ ఆ వీలు తిరిగి కల్పించింది. మన ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 9 కింద హైకోర్టుకు వెళ్లి, ఆ అడ్వాన్సు కదలకుండా ఆపమని అడగవచ్చు. చట్టం ప్రకారం వాదన బాగానే ఉంది. వేశాను.

ఉత్తర్వు రాలేదు. ఆ డబ్బు ఇంకా కొనుగోలుదారుదేనని చూపించే కాగితం మా దగ్గర లేదు, ఉన్నది నలుగురు చెప్పుకునే మాట. అడ్వాన్సు చేతికొచ్చాక అది అమ్మినవాడి డబ్బు, కొన్నవాడికి మిగిలేది సరుకు మీద హక్కు. ఈ ప్రశ్న కోర్టు వేయకముందే నేను వేసుకోవాల్సింది.

ఉత్తర్వు రాకపోవడం కన్నా పెద్ద నష్టం బయట జరిగింది. రెండో ఎగుమతిదారు మా క్లయింటుకు దూరపు బంధువు, పక్క యూనిట్ మనిషి. తనను కోర్టుకు లాగారని మాట్లాడటం మానేశాడు. సరుకు చూసిన ఇన్‌స్పెక్టర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పటిదాకా ఈమెయిళ్లలో మాట్లాడుతున్న కొనుగోలుదారు పెద్ద లా ఫర్మ్‌ను పెట్టుకున్నాడు. ఆ ఫర్మ్ మొదటి లెటర్‌లోనే తొంభై లక్షల క్లెయిమ్ కోటీ పది లక్షలైంది.

నాలుగు నెలలు, బోలెడు ఖర్చు, ఒక బంధుత్వం పోయాయి. చేతిలో ఆయుధం ఉంది కదా అని వాడాను. అవతలివాడు ఎందుకు డబ్బు ఆపాడో తెలుసుకోకుండానే వాడాను. డబ్బు లేక ఆపాడా, మోసం చేద్దామని ఆపాడా, నిజంగానే సరుకు మీద కోపంతో ఆపాడా? ఈ మూడింటికీ మూడు వేరే మార్గాలు. మూడోదైతే మొదటి రోజు ఎత్తిన ఆయుధం తర్వాత ఏడాదంతా మన కాళ్లకే తగులుతుంది. అతను ఆపింది మూడో కారణంతోనని తర్వాత తెలిసింది.

ఆర్బిట్రేటర్

అప్పుడు సింగపూర్ వైపు కదిలాం. ఆర్బిట్రేషన్ నోటీసు పంపాం. ఇద్దరికీ పేరు కుదరలేదు. చివరికి ఒకే ఆర్బిట్రేటర్ నియామకం జరిగింది. మూడో దేశస్థుడు. తన దేశ విదేశాంగ శాఖలో చాలాకాలం న్యాయ సలహాదారుగా పనిచేసి, దేశాల మధ్య ఒప్పందాలు రాసి, తర్వాత ఆర్బిట్రేషన్‌లోకి వచ్చిన మనిషి. ఇంతకన్నా చెబితే ఎవరో తెలిసిపోతుంది.

అలాంటి జీవితం మనకు తెలియనిది కాదు. కృష్ణా జిల్లాలో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు విదేశాంగ శాఖ న్యాయ విభాగంలో, ఐక్యరాజ్యసమితి దగ్గర మన దేశ ప్రతినిధి బృందంలో పనిచేశారు. తర్వాత కేంద్ర న్యాయశాఖ కార్యదర్శి అయ్యారు. ఇప్పుడు మనం రోజూ వాడుతున్న 1996 ఆర్బిట్రేషన్ చట్టం ఆయన ఆ పదవిలో ఉండగా రూపుదిద్దుకుంది. 1940 నాటి పాత చట్టాన్ని, విదేశీ అవార్డుల 1961 చట్టాన్ని తీసేసి, ఐక్యరాజ్యసమితి తయారుచేసిన 1985 మోడల్ లా ఆధారంగా కట్టిన చట్టమిది. అదే ఏడాది ఆయన జర్మనీలోని హాంబర్గ్‌లో కొత్తగా ఏర్పడిన అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రైబ్యునల్‌కు జడ్జిగా వెళ్లారు. 1999 నుంచి 2002 వరకు దాని ప్రెసిడెంట్‌గా ఉన్నారు. కేరళ తీరంలో ఇద్దరు జాలర్లు చనిపోయిన ఎన్రికా లెక్సీ కేసులో మన దేశం తరఫున ఆర్బిట్రేటర్‌గా ఉండగానే 2018లో కన్నుమూశారు. నేనెప్పుడూ ఆయన్ని కలవలేదు. కానీ మన చట్టంలో సెక్షన్ 30 చదివినప్పుడల్లా, దేశాలను ఒప్పించే పని తెలిసినవాళ్ల చేయి ఇక్కడ పడిందనిపిస్తుంది. రెండు పక్షాలూ ఒప్పుకుంటే ఆర్బిట్రేటర్ మీడియేషన్ లాంటి పద్ధతులు వాడి రాజీకి ప్రోత్సహించవచ్చనీ, రాజీ కుదిరితే దాన్నే అవార్డుగా రాయవచ్చనీ ఆ సెక్షన్ చెబుతుంది. తీర్పూ రాజీ ఒకే గదిలో ఉండొచ్చన్నమాట.

మా ఆర్బిట్రేటర్ అదే పద్ధతి మనిషి. మొదటి వీడియో మీటింగ్‌లో మేము ఏ దేశ చట్టం వర్తిస్తుందన్న దానిమీద వాదనకు సిద్ధమై కూర్చున్నాం. ఆయన దాన్ని పక్కన పెట్టి రెండు వైపులా ఒకే ప్రశ్న అడిగారు: ఆ ఐదు కంటైనర్లలో ఇంకా కోయకుండా, వేయకుండా ఉన్న స్లాబులెన్ని? ఎవరి దగ్గరా వెంటనే జవాబు లేదు. ఏడాదిగా కొట్లాడుకుంటున్నాం, సరుకు ఏ స్థితిలో ఉందో ఇద్దరికీ తెలియదు.

ఏ చట్టమన్న వాదనను నేను ఆ రోజే తగ్గించుకున్నాను. కారణం ఇది. అవతలి దేశం అంతర్జాతీయ వస్తు విక్రయ ఒప్పందంలో ఉంది, మన దేశం లేదు. ఆ ఒప్పందం వర్తిస్తే, లోపం కనబడ్డాక సమంజసమైన గడువులో కొనుగోలుదారు చెప్పాలి. మన 1930 వస్తు విక్రయ చట్టం వర్తిస్తే, సమంజసమైన గడువు దాటినా చెప్పకుండా సరుకు ఉంచుకుంటే అంగీకరించినట్టే. వివరాల్లో తేడాలున్నాయి, కానీ మా కేసులో రెండూ ఒకే ప్రశ్న దగ్గరికి తెస్తాయి: లోపం ఎప్పుడు కనబడింది, ఎప్పుడు చెప్పాడు, లోపం నిజంగా ఎవరిది? అక్కడ ఖర్చుపెట్టాల్సిన డబ్బును చట్టం మీద చర్చకు పోయడం ఎందుకు?

నోటుబుక్కు

ఆర్బిట్రేటర్ రెండు వైపులకూ కలిపి ఒకే రాతి నిపుణుణ్ణి వేద్దామన్నారు. ఎవరి నిపుణుణ్ణి వాళ్లు తెచ్చుకుంటే రెండు రిపోర్టులు వస్తాయి, రెండూ తెచ్చినవాడి పక్షానే ఉంటాయి. నాకిది వెంటనే నచ్చింది. 2003లో మలేషియా, సింగపూర్ మీద హాంబర్గ్ ట్రైబ్యునల్‌కు వెళ్లిన కేసు గుర్తొచ్చింది. జొహోర్ జలసంధిలో సింగపూర్ సముద్రాన్ని పూడ్చి భూమి చేస్తోందని మలేషియా గొడవ. చంద్రశేఖరరావు గారు కూడా ఉన్న ఆ బెంచి, ఎవరిది తప్పో తేల్చకుండా, ఇద్దరూ కలిసి స్వతంత్ర నిపుణుల బృందాన్ని వేసుకుని అధ్యయనం చేయించమంది. ఆ రిపోర్టు వచ్చాక 2005 ఏప్రిల్‌లో రెండు దేశాలూ రాజీపడ్డాయి. ఆ సెప్టెంబరులో ఆ రాజీనే ఆర్బిట్రేషన్ అవార్డుగా రాశారు. రెండు దేశాల సముద్రానికి పనికొచ్చింది పద్నాలుగు కంటైనర్ల రాయికి పనికిరాదా అనుకున్నాను.

నిపుణుడు రాకముందు క్లయింటును ఫ్యాక్టరీ రికార్డులన్నీ తెమ్మన్నాను. ప్రతి స్లాబు మీద మైనం చాక్‌తో బ్లాక్ నంబరు, స్లాబు నంబరు రాస్తారు. ప్యాకింగ్ లిస్టులో అదే నంబరుంటుంది. ఈ కొస నుంచి ఆ కొసకు కలపగలిగితే, ఏ స్లాబు ఏ బ్లాక్‌దో తేలుతుంది. క్లయింటు ప్యాకింగ్ లిస్టులు తెచ్చాడు. బ్లాక్ రిజిస్టర్ తేలేదు. మూడుసార్లు అడిగాను. నాలుగోసారి ఆయన భార్య వచ్చింది, సంచిలో ఒక నోటుబుక్కుతో.

"ఇది చూడండి సార్. ఆయన మీకు చెప్పుకోలేక తిరుగుతున్నాడు" అంది.

ఓడ గడువు దగ్గరపడి బ్లాకులు చాలకపోతే, సూపర్‌వైజర్ వేరే క్వారీ నుంచి రెండు బ్లాకులు తెచ్చి కోయించాడు. వాటిలో చుక్క పల్చన, అక్కడక్కడ తెల్ల లైను. ఆ స్లాబులు రెండు కంటైనర్లలో వెళ్లాయి. క్లయింటుకు తర్వాత తెలిసింది. ఇన్‌స్పెక్టర్ ఆ రెండు లోడింగ్‌ల రోజు రాలేదు, ఫోటోలు చూసి సరేనన్నాడు.

సాయంత్రం క్లయింటు వచ్చాడు. తలెత్తలేదు.

"మనమే ఒప్పుకుంటే ఇంకేముంది సార్? ఐదుకి ఐదూ మనమీదే వేస్తాడు."

ఇది ఈ కేసులో అన్నిటికన్నా బరువైన నిర్ణయం. ఇద్దరం రాత్రి తొమ్మిది దాకా మాట్లాడుకున్నాం. నేను చెప్పిన లెక్క ఇదీ: నిపుణుడు తెల్ల లైన్లు చూస్తాడు. చూశాక మనం చెబితే అది దొరికిపోయాక చెప్పడం. చూడకముందే చెబితే, మిగతా మూడు కంటైనర్ల గురించి మనం చెప్పేదానికి విలువ వస్తుంది. పైగా తెలిసి తెలిసి ఆర్బిట్రేటర్‌కు అబద్ధం చెప్పే పని నేను చేయలేను. అలా చేయాలంటే వేరే లాయరును చూసుకోవాలి. ఈ మాట బెదిరింపుగా అనలేదు, నిజంగానే అన్నాను. అతను చాలాసేపు కిటికీ వైపు చూశాడు. "మా నాన్న ఉంటే మీ మాటే అనేవాడు" అన్నాడు చివరికి.

రెండు కంటైనర్ల విషయం, బ్లాక్ నంబర్లతో సహా, నిపుణుడు బయలుదేరే ముందు వారంలో రాసి పంపాం.

అవతలి లా ఫర్మ్ వెంటనే దాన్ని పెద్ద చేసి రాసింది, ఊహించిందే. కానీ రెండో రోజు కొనుగోలుదారు స్వయంగా క్లయింటుకు మెసేజ్ పెట్టాడు. ఏడాది తర్వాత మొదటి మెసేజ్ అది: నిజం చెప్పినందుకు థాంక్స్, మిగతావి చూద్దాం. ఆ రోజు నేను కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

నిపుణుడు చూసింది

కొనుగోలుదారు గోడౌన్‌లో పరీక్ష. మేమంతా వీడియోలో చూశాం. మొదట రంగు ఆరోపణ. తెల్లగుడ్డకు అసిటోన్ అద్ది స్లాబు మీద గట్టిగా తుడిచారు. రంగు పూసిన రాయైతే గుడ్డ నల్లబడుతుంది. పదిహేను చోట్ల తుడిచారు, గుడ్డ తెల్లగానే ఉంది. స్క్రీన్ మీద ఆ తెల్లగుడ్డ చూస్తూ క్లయింటు భార్య ఏడ్చింది. రంగు పూశారన్న మాట ఆ కుటుంబాన్ని డబ్బుకన్నా ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత మబ్బు సంగతి. విప్పని కట్టల్లో మబ్బు లేదు. వేసిన, వేయడానికి సిద్ధం చేసిన స్లాబుల్లోనే ఉంది. కారణం తేలింది: అక్కడి పనివాళ్లు అన్ని రాళ్లకూ వేసినట్టే దీనికీ సీలర్ (రాయిలోకి మరకలు దిగకుండా పూసే ద్రవం) పూశారు. గెలాక్సీ గట్టి రాయి, నీటిని చాలా తక్కువ పీలుస్తుంది. సీలర్ లోపలికి దిగక పైనే ఆరిపోయి తెల్లగా కనబడుతుంది. తగిన సాల్వెంట్‌తో తుడిస్తే పోయింది. మూడు కంటైనర్లలో లోపం రాయిది కాదు.

మిగతా రెండు కంటైనర్లు మేం రాసిచ్చినట్టే ఉన్నాయి. నిపుణుడి రిపోర్టులో ఒక వాక్యం మాకు ఎంతో మేలు చేసింది: అమ్మకందారు ఇచ్చిన బ్లాక్ నంబర్లు స్లాబుల మీది నంబర్లతో సరిపోయాయి.

రాజీ, దాన్ని రాసిన తీరు

రిపోర్టు వచ్చాక రాజీ నెల లోపే కుదిరింది. రెండు కంటైనర్ల ధరలో 40 శాతం తగ్గింపు, అంటే సుమారు పన్నెండున్నర లక్షలు. కొనుగోలుదారు తన క్లెయిమ్ వదులుకున్నాడు. మిగతా కోటీ అరవై మూడు లక్షలు మూడు వాయిదాల్లో. ఎవరి ఖర్చు వాళ్లది.

ఇక్కడ క్లయింటు, రాజీ పత్రం మీద సంతకాలు చేసి కేసు వెనక్కి తీసుకుందామన్నాడు. ఖర్చు తగ్గుతుంది కదా అని. నేను ఒప్పుకోలేదు. ఉత్త రాజీ పత్రం అంటే ఇంకో కాంట్రాక్టు. వాయిదా తప్పితే ఆ కాంట్రాక్టు మీద మళ్లీ కేసు. మీడియేషన్ రాజీలకు సింగపూర్ పేరుతోనే ఒక అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది, మన దేశం 2019లో సంతకం కూడా చేసింది, కానీ మేం రాజీ రాసుకునేటప్పటికి ఆమోదించలేదు. అదే ఆర్బిట్రేటర్ ద్వారా రాజీని అవార్డుగా రాయిస్తే, మోడల్ లా ప్రకారం అది మామూలు అవార్డుతో సమానం. వాయిదా తప్పిన మర్నాడే న్యూయార్క్ ఒప్పందం కింద అతని దేశపు కోర్టుకు వెళ్లవచ్చు. అందుకే అప్పటికి ఆర్బిట్రేషన్ ముగించకుండా ఉంచమన్నాను.

వడ్డీ దగ్గర ఇంకో జాగ్రత్త తీసుకున్నాం. వాయిదా తప్పితే అదనంగా ఇంత కట్టాలని రాస్తే, అది జరిమానా, చెల్లదు అనే వాదన వస్తుంది. కాబట్టి తిప్పి రాశాం: ఆలస్యానికి వడ్డీ బాకీ ఉందని కొనుగోలుదారు ఒప్పుకుంటున్నాడు. మూడు వాయిదాలూ గడువులో కడితే ఆ వడ్డీని అమ్మకందారు వదులుకుంటాడు. డబ్బు అదే, వాక్యం నిర్మాణం వేరు. అవతలి లాయరు దీన్ని గమనించి రెండుసార్లు మార్చాలని చూశాడు. మేం కదల్లేదు.

రాజీ అవార్డు కాపీ ఇంకోచోట కూడా పనికొచ్చింది. ఎగుమతి విలువ మొత్తం ఎందుకు రాలేదని బ్యాంకు అడిగితే, తగ్గింపుకు కారణం చూపించే గట్టి కాగితం అదే.

మొదటి రెండు వాయిదాలు గడువుకు ముందే వచ్చాయి. మూడోది రాలేదు. వారం చూశాం. అప్పుడు కొత్త నోటీసు, కొత్త బెదిరింపు ఏమీ లేకుండా, అవార్డు కాపీ, వడ్డీ లెక్క, అక్కడ అమలు పిటిషన్ వేయబోయే లాయరు పేరు, ఈ మూడూ ఒకే ఈమెయిల్‌లో పంపాను. పదకొండో రోజు డబ్బు పడింది. ఆలస్యానికి అవార్డు ప్రకారం వడ్డీ అడిగే హక్కు ఉంది. క్లయింటు వద్దన్నాడు. అది అతని నిర్ణయం, నేను వాదించలేదు.

ఇప్పుడు ఏం మారింది

నా దగ్గర ఇప్పుడు ఎగుమతి కాంట్రాక్టు రాయించుకునేవాళ్లకు సంస్థ పేరు, సీటు, ఆర్బిట్రేటర్ల సంఖ్య, భాష, వర్తించే చట్టం, అన్నీ ఒక పేరాలో రాసిస్తున్నాను. దానికన్నా ఎక్కువ టైమ్ దాని పైనున్న పేరా మీద పెడుతున్నాను: ప్రతి స్లాబుకూ లోడింగ్ ముందు నంబరు కనబడేలా ఫోటో, ఇన్‌స్పెక్టర్ రాకపోతే లోడింగ్ లేదు, లోపం ఉంటే స్లాబు కోయకముందే, సరుకు అందిన 21 రోజుల్లో చెప్పాలి, తగాదా వస్తే మొదట ఇద్దరూ కలిసి ఒకే నిపుణుణ్ణి పెట్టాలి. సీలర్ గురించి వాడుక సూచనల కాగితం ప్రతి కట్టలో పెట్టమంటున్నాను.

సెక్షన్ 9 పిటిషన్ వేసేముందు ఇప్పుడు క్లయింటును ఒక ప్రశ్న అడుగుతాను: వాడు డబ్బు ఎందుకు ఆపాడని మీరనుకుంటున్నారు, అలా అనుకోవడానికి మీ దగ్గరున్న కాగితం ఏది? జవాబు లేకపోతే పిటిషన్ ఆ వారం కదలదు.

పక్క యూనిట్ బంధువు దగ్గరికి క్లయింటూ నేనూ కలిసి వెళ్లాం. తప్పు నాదని చెప్పాను. కాఫీ ఇచ్చాడు, ఎక్కువ మాట్లాడలేదు. గత సంక్రాంతికి క్లయింటు ఇంట్లో కనిపించాడు.

పాత కొనుగోలుదారు మళ్లీ ఆర్డర్ ఇచ్చాడు, ఈసారి ఎల్‌సీ మీద, నాలుగు కంటైనర్లు. డ్రాఫ్ట్ కాంట్రాక్టు క్లయింటు భార్యే తెచ్చింది. సీటు క్లాజు కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన బ్లాక్ రిజిస్టర్ పేజీ నంబరు రాసి ఉంది.